ట్రంకు పెట్టెలో దొరికిన సూది

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మేం అక్కాచెల్లెళ్ళం ఇద్దరం కలిసి రాస్తున్నాం. పెద్దదానికి ఇరవై ఏళ్ళు, నందిగామలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. చిన్నది జగ్గయ్యపేటలో ఇంటర్. టైప్ చేసింది పెద్దదే గానీ జరిగింది ఇద్దరికీ కాబట్టి మొత్తం "మేము" అనే ఉంటుంది. ఒక్క చోట మాత్రం "అసలు ఆ మాట అన్నది ఎవరు" అని మమ్మల్ని అడగొద్దు. అది మా ఇద్దరి మధ్య ఇంకా తేలలేదు.

2024 ఆగస్టు 31 శనివారం కురిసిన వాన మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మర్నాడు మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదకి నీళ్ళొచ్చాయి, హైదరాబాద్ బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. విజయవాడలో బుడమేరు ఇళ్ళల్లోకి వచ్చింది. టీవీలన్నీ అటే చూపించాయి, చూపించాలి కూడా, అక్కడి జనం పడిన బాధ అలాంటిది. మా తండా మునగలేదు. మా పాత పెంకుటి గది మాత్రం నాలుగు చోట్ల కారింది. ఆ గదిలో మనుషులు ఉండరు. పనికిరానివి, పారేయలేనివి అన్నీ అందులోనే ఉంటాయి. దసరా సెలవులకి ఇంటికి పోతే యాడి ముందే పని చెప్పేసింది. గది ఖాళీ చేయండి, బా రేకులు వేయిస్తాడు అని.

రెండు రోజులు పట్టింది. ఎలకలు కొట్టేసిన గోనెసంచులు, మందు కొట్టే స్ప్రేయరు ట్యాంకు, కాడి, ఒక చక్రం లేని సైకిలు, మా టెన్త్ క్లాసు గైడ్లు. మా ఇంట్లో పది పాసైంది మేమే మొదలు కదా, ఆ గైడ్లని బా ఎవరికీ ఇవ్వనివ్వలేదు, మూటకట్టి దాచాడు. తడిసి అట్టలైపోయాయి. అటక మీద చివర్న ఒక రేకు ట్రంకు పెట్టె ఉంది. తాళం లేదు, తుప్పుకే బిగుసుకుపోయింది. కత్తిపీట మడమతో కొట్టి తీశాం.

లోపల ఒక పాత టుక్రి. అందులో కట్టిన మూట. మూట విప్పితే ముందు వాసన వచ్చింది. వేపాకు ఎండి పొడైపోయిన వాసన, దానికింద తడి గుడ్డ వాసన. ఎర్ర గుడ్డ, నీలం గుడ్డ, అద్దాలు, గవ్వలు. లంబాడీ ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతా తమ్ముళ్ళ కోసం చెప్తున్నాం: ఫేటియా అంటే మా ఆడవాళ్ళు కట్టే లంగా, కాంచళి అంటే వీపు వైపు తాళ్ళతో కట్టుకునే రవిక, టుక్రి అంటే తలమీద నుంచి కప్పుకునేది. ఇవి బజార్లో కొనే బట్టలు కాదు. గుడ్డ ముక్కలు కొనుక్కొచ్చి, కత్తిరించి, అతికి, ఒక్కో అద్దం కుట్టుకుంటూ నెలల తరబడి చేసుకునేవి.

మూటలో మూడు వస్తువులున్నాయి. మూడూ సగం సగమే.

మొదటిది ఫేటియా. నడుం పట్టీ నిండా కుట్టు ఉంది, కింద అంచు మూడొంతులు అయింది. మిగతా అంచు మీద గీతలు మాత్రం ఉన్నాయి. రెండోది కాంచళి ముందు భాగం, ఒక వైపు అద్దాలతో నిండుగా, రెండో వైపు ఉత్త గుడ్డ. మూడోది అరచేతి కంటే కొంచెం పెద్దది, కోతళి. అంటే డబ్బులు, వక్కలు పెట్టుకునే చిన్న సంచి. దాని మూల సూది గుచ్చి ఉంది, సూదికి ఇంకా పసుప్పచ్చ దారం ఉంది. సూది తుప్పు పట్టి గుడ్డలోనే విరిగింది.

ఆ కోతళిని చూసి మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అది మాది.

దాని సంగతి తర్వాత. ముందు మేం చేసిన వెధవ పని చెప్పాలి. మరకలు పోతాయని ఆ ఫేటియాని బకెట్లో సబ్బు పొడి వేసి నానబెట్టాం. పది నిమిషాల్లో నీళ్ళు ఎర్రగా అయిపోయాయి. యాడి చూసి అరిచి బయటికి తీసేసరికి ఒక మూల తెల్లదారమంతా గులాబీ రంగుకి తిరిగింది. మీ ఇళ్ళల్లో ఇలాంటివి దొరికితే దయచేసి నానబెట్టకండి. పాత ఎరుపు నిలవదు. నీడలో ఆరేసి, మెత్తటి బ్రష్‌తో దులిపి, మడత మార్చి పెట్టండి చాలు. అద్దాలున్న గుడ్డని పిండితే దారం తెగుతుంది. ఇవన్నీ మేం తర్వాత నేర్చుకున్నవి.

దాదీని పిలిచి మంచం మీద కూర్చోబెట్టాం. దాదీ అంటే మా నాయనమ్మ. డెబ్బై దాటి ఉంటాయి, ఆమెకే లెక్క తెలీదు. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోది మసక. గుడ్డని కంటికి దగ్గరగా పెట్టుకోలేదు. ఒళ్ళో వేసుకుని వేళ్ళతో తడిమింది. అద్దం అద్దం మీద వేలు పోనిచ్చి, "ఇది మీ ఫూఫీది" అంది ఫేటియా గురించి. మా బా చెల్లెలు. ఆమె పెళ్ళి కోసం మొదలుపెట్టిందట. రెండు ఎండాకాలాలు మధ్యాహ్నం పూట కూర్చుంది. పెళ్ళి కుదిరే నాటికి అబ్బాయి తరఫు వాళ్ళు, పిల్ల చీర కట్టుకుంటే చాలు, ఇవన్నీ ఇప్పుడు ఎవరు కడుతున్నారు అన్నారట. కోపంగా అనలేదు, మంచిగానే అన్నారట. ఖర్చు తగ్గుతుందని అన్నారు. కాబట్టి దాదీ ఆ రోజు ఎక్కడిదాకా కుట్టిందో అక్కడే ఆపేసింది. వేలితో చూపించింది. గీత ఉంది, కుట్టు లేదు.

కాంచళి యాడిది. తిరువూరు వైపు తండా నుంచి మా ఇంటికి వచ్చేటప్పుడు తెచ్చుకుంది. తన కోసం తను కుట్టుకుంటున్నది. "ఎందుకు ఆపావు యాడీ" అంటే ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చేతులు చూపించింది. మిరపకోతల్లో దిగిన మొదటి ఏడు అది. పొద్దున్నించీ మిరపకాయలు కోసిన వేళ్ళు రాత్రిదాకా మండుతాయి. ఆ చేతులతో సూది పట్టుకుంటే కంట్లో నీళ్ళు, దారానికి కూడా ఘాటు. కోతలయ్యాక కుడదామనుకుంది. కోతలయ్యాక పత్తి. పత్తి అయ్యాక పెద్దది పుట్టింది. అంతే.

మేం ఇప్పటిదాకా ఏమనుకునేవాళ్ళమంటే, ఇవన్నీ మనవాళ్ళు మర్చిపోయారు, పట్టించుకోలేదు, అందుకే పోయాయి అని. హాస్టల్లో "మన సంస్కృతి" మీద వ్యాసరచన పోటీ పెడితే అలాగే రాశాం, బహుమతి కూడా వచ్చింది. కానీ ఈ గుడ్డల్ని చూస్తే మర్చిపోయినట్టు ఎక్కడా లేదు. పారేసేవాళ్ళు వేపాకు వేసి మూట కట్టరు కదా.

ఇంక కోతళి.

2016 ఎండాకాలం. పెద్దది అప్పటికే హాస్టల్లో ఉంది, జూన్‌లో చిన్నదాన్ని కూడా చేర్చాలి. యాడి, బా కూలికి ఊళ్ళు తిరిగేవాళ్ళు, మమ్మల్ని పెంచింది దాదీనే. ఆ సెలవుల్లో దాదీ మాకు కుట్టు నేర్పిస్తానని కూర్చోబెట్టింది. హాస్టల్‌కి పోయేటప్పుడు చిల్లర దాచుకోవడానికి ఒక కోతళి, ఇద్దరికీ కలిపి ఒకటి. ఆమె గీతలు గీసింది, మేం కుట్టాం. వంకర టింకరగా ఉంటుంది మా కుట్టు, పక్కనే ఆమె కుట్టు ముత్యాల్లా. సగం అయ్యేసరికి సెలవులైపోయాయి. "మిగతాది నేను కుట్టి తెస్తా" అంది దాదీ.

ఆగస్టులో ఒక ఆదివారం వచ్చింది. హాస్టల్ గేటు దగ్గర పిల్లలందరూ ఉన్నారు, ఆదివారం కదా, అందరి అమ్మానాన్నలు వచ్చే రోజు. దాదీ ఫేటియా, కాంచళి, మోచేతి పైదాకా బలియాలు, చెంపల దగ్గర ఘూగ్రీలు, చేతిలో స్టీలు క్యారేజీ. నడిచొస్తుంటే గలగలమని చప్పుడు. పిల్లలు నవ్వారు. ఒకడు బ్యాండు మేళం అన్నాడు. మా క్లాసు అమ్మాయి మావైపు తిరిగి, "ఎవరే ఆవిడ, మీ వాళ్ళా?" అంది.

"మా ఊరామె" అన్నాం.

ఎవరు అన్నారో అడగొద్దని ముందే చెప్పాం. ఒకరు అన్నారు, రెండోవాళ్ళు తలూపారు. దాదీకి తెలుగు బాగా వచ్చు. జగ్గయ్యపేట బజార్లో బేరమాడే మనిషి. విందో లేదో మాకు తెలీదు. క్యారేజీ ఇచ్చింది, తల నిమిరింది, వెళ్ళిపోయింది. కోతళి సంగతి ఎత్తలేదు. మేం కూడా అడగలేదు. నెల తర్వాత వచ్చినప్పుడు చీరలో వచ్చింది. యాడి చీర. కుచ్చిళ్ళు సరిగ్గా రాక కాళ్ళకి అడ్డం పడుతుంటే ఒక చేత్తో ఎత్తి పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. మాకు అప్పుడు హాయిగా అనిపించింది. నిజం చెప్తున్నాం, సిగ్గుగా ఉన్నా చెప్తున్నాం, హాయిగానే అనిపించింది.

ఎనిమిదేళ్ళ తర్వాత ఆ కోతళి ఒళ్ళో పెట్టుకుని దాదీ కూర్చుంటే మేం అడగాలనుకున్నాం, ఆ రోజు విన్నావా అని. నోరు రాలేదు. ఆమే గుడ్డ తడిమి, విరిగిన సూది దగ్గర వేలు ఆపి, "ఇక్కడ మీ కుట్టు వదులుగా ఉంది" అంది.

నాలుగో రోజు ఇంకో సంగతి జరిగింది. స్టీలు సామాన్లు ఇచ్చి పాతబట్టలు తీసుకుపోయే వాళ్ళు తండాకి వస్తుంటారు కదా, అలా వచ్చిన ఒకాయన ఆరేసి ఉన్న ఫేటియాని చూశాడు. సామాన్లు కాదు, డబ్బులే ఇస్తానన్నాడు. ఇలాంటి కుట్టున్న పట్టీలు కత్తిరించి, పట్నంలో హ్యాండ్‌బ్యాగులకీ దిండు గలీబులకీ వేస్తారట. మాకు ఒళ్ళు మండింది. దాదీ మాత్రం శాంతంగా, "ఎంతిస్తావు" అంది. మేం ఆశ్చర్యపోయాం. "అమ్మడానికి వీల్లేదు దాదీ, ఇది మన సంస్కృతి" అని మొదలుపెట్టాం, వ్యాసంలో రాసిన వాక్యాలన్నీ అప్పజెప్పాం. ఆమె విని, "ఇన్నేళ్ళు అటకమీద ఉంది, ఒక్కరోజైనా అడిగారా? గుడ్డ అమ్మితే నీ పరీక్ష ఫీజు అవుతుంది. ఫీజు కట్టుకో" అంది. మా దగ్గర జవాబు లేదు. ఫీజు కట్టాల్సింది నిజమే, చేతిలో డబ్బుల్లేనిదీ నిజమే.

మూడూ కలిపి పదిహేను వందలు అన్నాడు ఆయన. దాదీ మమ్మల్ని అడిగింది, మిరపకోతకి ఇప్పుడు రోజుకి ఎంతిస్తున్నారని. మూడొందలు అన్నాం. "అంటే అయిదు రోజుల కూలి" అంది. ఆమె బడికి పోలేదు, కానీ లెక్క మాకంటే ముందు చేసింది. "రెండు ఎండాకాలాలు కూర్చున్నా. అద్దాలు కొన్నా, గవ్వలు మా యాడివి. అయిదు రోజుల కూలా?" అని నవ్వింది. ఆయన రెండు వేలు అన్నాడు. దాదీ ఫేటియా మడతపెట్టేసింది. ఆయన పోయాక మావైపు తిరిగి, "రేటు నచ్చక పంపా. మీ ఏడుపు చూసి కాదు" అంది.

ఫీజు సంగతి అడుగుతారేమో, బా అప్పు తెచ్చాడు.

ఆ రాత్రి ఫోన్లో వెతికితే మాకు తెలియని సంగతులు చాలా కనపడ్డాయి. కర్ణాటకలో బళ్ళారి దగ్గర సండూరులో మన లంబాడీ ఆడవాళ్ళు ఒక కేంద్రంలో కుట్టుపని చేస్తారు. ఆ సండూరు లంబాణీ కుట్టుకి 2010లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, వచ్చింది. మన కొండపల్లి బొమ్మలకి ఉన్నట్టే. 2023 జూలైలో హంపిలో జీ20 మీటింగు జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ ఆడవాళ్ళు కుట్టిన 1755 వస్తువుల్ని ఒకచోట పెట్టి గిన్నిస్ రికార్డు కొట్టారు. దాదీకి ఆ వీడియో పెట్టి చూపించాం. మసక కంటితోనే చాలాసేపు చూసింది. మేం ఆమె మురిసిపోతుందనుకున్నాం. "వాళ్ళకి రోజుకెంత ఇస్తారట?" అంది.

ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. మన పెద్దవాళ్ళు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగిన రోజుల్లో ఎద్దు నుదుటికి కూడా అద్దాలు, గవ్వలు కుట్టిన గుడ్డ కట్టేవాళ్ళు. ఆ లదేణీ బతుకులో కుట్టుకి దానంతట అదే చోటుంది. రైళ్ళొచ్చి, రోడ్లొచ్చి ఆ వ్యాపారం పోయింది. తండాల్లో స్థిరపడి కూలికి దిగాం. కూలికి గంటలుంటాయి, ఆ గంటల్లో సూదికి చోటు లేదు. సండూరులో చోటు దొరికింది ఎందుకంటే అక్కడ కుట్టే కూలి అయింది. "కాపాడుకుందాం" అని మనం స్టేటస్ పెట్టేటప్పుడు ఈ ముక్క ఎవరూ రాయరు. మేం కూడా రాయలేదు.

సెలవుల్లో ఇంకా మూడు సాయంత్రాలు మిగిలాయి. కోతళి పూర్తిచేద్దామన్నాం. సూదికి దారం ఎక్కించడం మా వంతు, ఆమెకి కనపడదు. అద్దం కుట్టడం మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. అద్దానికి రంధ్రం ఉండదు కాబట్టి ముందు దానిమీద నిలువుగా రెండు దారాలు, అడ్డంగా రెండు దారాలు వేసి బిగించాలి. అప్పుడు మధ్యలో చిన్న కిటికీలా వస్తుంది. ఆ దారాల్ని అంచువైపు లాగుతూ చుట్టూ కుట్టుకుంటూ పోతే అద్దం గుడ్డలో కూర్చుంటుంది. చెప్పడానికి ఇంతే. చేస్తే మొదటి అద్దం మూడుసార్లు జారి కిందపడింది. ఇప్పుడు దొరికే అద్దాలు పల్చన, అంచు పదును, దారాన్ని కోసేస్తాయి. పాతవి మందంగా ఉండేవట. దాదీ మా అద్దాల అంచుల్ని గడప రాయి మీద రుద్దించింది.

ఒక్కో కుట్టుకి ఆమె ఒక పేరు చెప్పింది. మన గోర్ బోలీకి సొంత లిపి లేదు కదా, తెలుగు అక్షరాల్లోనే నోటుబుక్కులో రాసుకున్నాం. రాసింది చదివి వినిపిస్తే, "అట్టా కాదు" అని మళ్ళీ పలికింది. మళ్ళీ రాశాం. మళ్ళీ అట్టా కాదు. చివరికి ఆమె గొంతు ఫోన్లో రికార్డు చేశాం. తొమ్మిది పేర్లు వచ్చాయి, ఇంకా ఉన్నాయంటుంది, గుర్తు రావట్లేదంటుంది. కుడుతుంటే చేతికి గుర్తొస్తాయట, అడిగితే రావట.

మూడు సాయంత్రాల్లో ఆరు అద్దాలయ్యాయి. కోతళి ఇంకా పూర్తికాలేదు. దాన్ని నందిగామ హాస్టల్‌కి తెచ్చుకున్నాం. రూమ్మేట్ ఎరుకల అమ్మాయి, చూసి ఏమంటుందోనని మాకు కొంచెం భయమే, పాత జబ్బు పోలేదన్నమాట. ఆమె తిప్పి తిప్పి చూసి, వాళ్ళ అమ్మమ్మ సగం అల్లిన ఈత బుట్ట ఒకటి ఇంటి దూలానికి వేలాడుతూ ఉంటుందని చెప్పింది. ప్లాస్టిక్ టబ్బులు వచ్చిన ఏడు అమ్మమ్మ దాన్ని మధ్యలో వదిలేసిందట. ఇప్పుడు అందులో వెల్లుల్లిపాయలు పోసుకుంటారట. "ఫొటో తీసుకురా" అన్నాం. ఇంకా తేలేదు.

నవంబరులో దాదీ ఫోన్ చేసింది. రెండో కన్ను చూపించుకోవడానికి బాతో విజయవాడ పోతోంది, దారిలో నందిగామలో దిగి మమ్మల్ని చూసి పోతానంది. చిన్నది కూడా ఆ ఆదివారానికి జగ్గయ్యపేట నుంచి వచ్చింది. ఫోన్ పెట్టేసే ముందు దాదీ మామూలుగానే అడిగింది, "ఏం కట్టుకుని రమ్మంటారు?"

ఎనిమిదేళ్ళ కిందటి ప్రశ్నకి జవాబు దొరికింది. విందన్నమాట.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. "నీ ఇష్టం దాదీ, ఫేటియా కట్టుకుని రా" అన్నాం. "ఎనిమిది కిలోల బరువు, దాంతో బస్సెక్కేదెవరు? చీరే కట్టుకొస్తా" అంది. నిజంగా ఎనిమిది కిలోలుంటుందో లేదో మేం తూచలేదు.

చీరలోనే వచ్చింది. కుచ్చిళ్ళు ఇప్పుడు బాగానే పెట్టుకుంటుంది. బలియాలు మాత్రం చేతులకి ఉన్నాయి. గేటు దగ్గర రిజిస్టరులో పేరు, ఊరు, "సంబంధం" అని గడులుంటాయి. మేమే రాశాం, నాయనమ్మ అని. రూమ్మేట్లందరినీ కిందకి పిలిచాం. అరిసెలు పంచింది. తర్వాత కోతళి ఏదీ అంది. తెచ్చి ఒళ్ళో పెట్టాం. వేళ్ళతో ఒక్కో అద్దం తడుముకుంటూ పోయి, మేం హాస్టల్లో ఒంటరిగా కుట్టిన రెండు అద్దాల దగ్గర ఆగింది. గోరుతో దారం లేపి చూసింది. వదులుగా ఉందంది. కత్తెర అడిగి రెండూ ఊడదీసి మా చేతిలో పెట్టింది.